ఎకరాలు ఇస్తే టీకా వస్తుందా?

ఫిబ్రవరి వచ్చిందంటే మాదాపూర్‌లోని అంతర్జాతీయ సమావేశ కేంద్రం దగ్గర కోట్లూ టైలూ ఎక్కువగా కనిపిస్తాయి. మెడలో బ్యాడ్జీ, చేతిలో కాఫీ కప్పు, నోట్లో నోరు తిరగని మందుల పేర్లు. అది బయోఆసియా సదస్సు. ముఖ్యమంత్రి వస్తారు, పరిశ్రమల మంత్రి వస్తారు, విదేశీ కంపెనీల పెద్దలు వస్తారు. ఒప్పందాల ఫైళ్లు చేతులు మారతాయి. మర్నాడు పేపర్లో ఇన్ని వేల కోట్ల పెట్టుబడి, ఇన్ని వేల ఉద్యోగాలు అని అచ్చవుతుంది. సైబర్ టవర్స్ సిగ్నల్ దగ్గర బండి ఆపుకున్న సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఆ హోర్డింగు చూసి, 'మన ఊళ్లో ఇంత బయోటెక్ ఎక్కడుందబ్బా?' అనుకుంటాడు.

అతని అనుమానంలో తప్పేం లేదు. హైటెక్ సిటీలో నిలబడి చూస్తే అది కనపడదు. ఔటర్ రింగు రోడ్డెక్కి షామీర్‌పేట దగ్గర దిగాలి. ఒకప్పుడు నగరవాసులకు ఆ ఊరంటే పెద్ద చెరువు, జింకల పార్కు, ఆదివారం పిక్నిక్కు. అక్కణ్నుంచి కరీంనగర్ వైపు వెళ్లే రాజీవ్ రహదారి మీద ఇంకాస్త ముందుకు పోతే తుర్కపల్లి. చుట్టూ ఎత్తయిన ప్రహరీలు, చెట్లు, గేటు దగ్గర కాపలా, లోపల మెరిసే స్టీలు గొట్టాలు. బస్సు కిటికీలోంచి చూసేవాళ్లకు ఏవో గోదాముల్లా అనిపిస్తాయి. ఎన్నో దేశాల్లో పసిపిల్లలకు వేసే టీకాలు వెళ్లేది అక్కడి నుంచే. దాని పేరే జినోమ్ వ్యాలీ.

ఒక రాష్ట్ర ప్రభుత్వం బయోటెక్నాలజీని పెంచాలనుకుంటే ఏం చేయాలి? స్థలం ఇవ్వాలా? పన్ను తగ్గించాలా? సదస్సు పెట్టాలా? హైదరాబాద్‌కు ఈ విషయంలో పాతికేళ్లు దాటిన అనుభవం ఉంది. ఆ అనుభవం చెప్పే జవాబు సదస్సు వేదికల మీద పెద్దగా వినపడదు.

రెండూ ఒకటి కాదు

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. రాళ్లగుట్టల మధ్య లేచిన ఆ గుండ్రటి భవనం చుట్టూ కొన్నేళ్లలోనే ఒక కొత్త నగరం వచ్చేసింది. సాఫ్ట్‌వేర్ స్వభావం అలాంటిది. గది ఉండాలి, కంప్యూటర్ ఉండాలి, కరెంటు, టెలిఫోను తీగ ఉండాలి, ఇంగ్లిషు వచ్చిన ఇంజినీర్లు ఉండాలి. ఈ ఏడాది కంపెనీ పెడితే వచ్చే ఏడాది బిల్లు పంపొచ్చు.

అదే ఊపులో ప్రభుత్వం బయోటెక్ వైపు కూడా చూసింది. 1999లో ఐసీఐసీఐతో కలిసి తుర్కపల్లిలో 200 ఎకరాల్లో నాలెడ్జ్ పార్కుకు శ్రీకారం చుట్టింది. 2001లో బయోటెక్ విధానం ప్రకటించింది. షాపూర్జీ పల్లోంజీ సంస్థతో కలిసి మరో బయోటెక్ పార్కు వచ్చింది. అదే ఏడాది పక్కనున్న కర్ణాటకా తన విధానం తెచ్చింది. బెంగళూరా, హైదరాబాదా అన్న పందెం ఐటీ నుంచి బయోటెక్‌కు పాకింది.

కానీ ఒక మందు ల్యాబులో మొదలై దుకాణంలోకి రావాలంటే పదేళ్లు పట్టొచ్చు. ఎలుకల్లో పనిచేసింది మనిషిలో పనిచేయకపోవచ్చు. మనిషిలో పనిచేసినా అనుమతి దొరకడానికి ఏళ్లు పట్టొచ్చు. ఇంతలో ఎన్నికలు రెండుసార్లు వచ్చిపోతాయి. అయిదేళ్ల సర్కారు పదేళ్ల పంట వేయడమన్నమాట. అందుకే ఇక్కడ శంకుస్థాపన ఫలకం కంటే ముందే నేలలో పడ్డ విత్తనాల గురించి అడగాలి.

ఫలకానికి ముందు

గచ్చిబౌలిలో ఐటీ కంపెనీల పేర్లు ఎవరికీ తెలియని రోజుల్లోనే అక్కడ ఒక టీకాల కర్మాగారం ఉంది. జాతీయ పాడి పరిశ్రమ అభివృద్ధి మండలి 1982లో పెట్టిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్. పశువులకు వచ్చే గాలికుంటు వ్యాధికి టీకా తయారు చేయడం దాని మొదటి పని. నేటి సైబరాబాద్ నడిబొడ్డున కంప్యూటర్ కంటే ముందు వచ్చింది పాడిరైతు గేదె కోసం తయారైన మందు!

ఇంకా వెనక్కి వెళితే, నిజాం కాలంలో 1944లో మొదలైన పరిశోధనశాల తర్వాత ప్రాంతీయ పరిశోధనశాలగా మారింది. నేటి ఐఐసీటీ అదే. దాని గూట్లోనే 1977లో సీసీఎంబీ పురుడు పోసుకుంది. పుష్ప మిత్ర భార్గవ దానికి ప్రాణం పోశారు. కణం అంటే ఏమిటో, జన్యువు అంటే ఏమిటో లోతుగా తెలిసిన మనుషులు హబ్సిగూడలో పోగయ్యారు. మరోపక్క బాలానగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్ మందుల తయారీకి బడి అయింది. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆయనలాగే ఎందరో అక్కడ పని నేర్చుకుని సొంత కంపెనీలు పెట్టుకున్నారు. ఐడీపీఎల్ తర్వాత ఖాయిలా పడింది. అది నేర్పిన చదువు మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది. ప్రైవేటు రంగంలో బయోలాజికల్-ఇ 1953 నుంచే ఉంది.

ఇవేవీ 'బయోటెక్ రాజధాని' కావాలని కట్టినవి కావు. ఇందులో చాలావాటికి డబ్బు పెట్టింది కేంద్ర ప్రభుత్వం. ముప్పై నలభై ఏళ్లు లాభం అడగకుండా జీతాలిచ్చి సైన్సు చేయించింది. ఆ ఎరువు లేకపోతే తుర్కపల్లిలో ఎన్ని ఎకరాలిచ్చినా మొలక వచ్చేది కాదు.

యాభై రూపాయల టీకా

ఎరువు ఎలా పనిచేస్తుందో చెప్పే కథ ఒకటి ఉంది.

హెపటైటిస్-బి కాలేయాన్ని తినేసే వైరస్. రక్తం ద్వారా, శుభ్రం చేయని సూదుల ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. పసితనంలో సోకితే జీవితాంతం ఉండిపోయే ప్రమాదం ఎక్కువ. ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా ఉండి చివరికి కాలేయం గట్టిపడటంగానో, క్యాన్సర్‌గానో బయటపడుతుంది. 1990ల్లో దీనికి టీకా ఉంది, కానీ విదేశాల నుంచి రావాలి. ఒక మోతాదు వందల రూపాయలు. మూడు మోతాదులు వేయించాలి. ఇంట్లో నలుగురుంటే లెక్క ఎక్కడికి పోతుందో వేరే చెప్పాలా?

నెల్లూరు జిల్లాలో పుట్టిన ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు కె.ఐ.వరప్రసాద్ రెడ్డి 1992లో జెనీవాలో ఒక సమావేశానికి వెళ్లారు. అక్కడ ఒక విదేశీయుడు మన దేశాన్ని చులకన చేసి మాట్లాడటం తనను పట్టి కుదిపిందని ఆయన తర్వాత చాలాసార్లు చెప్పారు. 1993లో తల్లి శాంత పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ మొదలైంది. ఆయనకు జీవశాస్త్రం రాదు, ల్యాబు లేదు, బ్యాంకులకు ఈ వ్యాపారం అర్థం కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, ఆ తర్వాత సీసీఎంబీలో చోటు దొరికింది. ఒమన్ విదేశాంగ మంత్రి పెట్టుబడి పెట్టారు. కేంద్రం కొత్తగా పెట్టిన టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు అప్పు ఇచ్చింది.

చేసిన పనేమిటంటే... వైరస్ పైపొరలోని ఒక ప్రొటీను తయారీకి కావాల్సిన జన్యువును తీసి ఈస్టులో పెట్టడం. బేకరీవాళ్లు బ్రెడ్డు పొంగడానికి వాడే ఈస్టుకు ఇది దూరపు చుట్టం. దాన్ని పెద్ద స్టీలు పాత్రలో పులియబెడితే తాను పెరుగుతూ ఆ ప్రొటీనునూ తయారు చేస్తుంది. దాన్ని వడకట్టి శుద్ధి చేస్తే టీకా. అందులో వైరస్ ఉండదు కాబట్టి జబ్బు రాదు. ఆ పైపొరను గుర్తుపెట్టుకున్న శరీరం తర్వాత అసలు వైరస్ వస్తే తరిమేస్తుంది. చెప్పడానికి ఇడ్లీపిండి పులియబెట్టినంత సులువు. వేడి కొంచెం ఎక్కువైనా, మరో సూక్ష్మజీవి దూరినా మొత్తం పారబోయడమే.

1997 ఆగస్టులో 'శాన్‌వాక్-బి' విడుదలైంది. మన దేశంలో జన్యు సాంకేతికతతో తయారైన మొదటి టీకా అది. ధర 50 రూపాయలు. మార్కెట్లో విదేశీ టీకాల ధరలు దిగిరాక తప్పలేదు. గమనించండి, అప్పటికి జినోమ్ వ్యాలీ లేదు, బయోటెక్ విధానమూ లేదు. శాంతా కర్మాగారం మేడ్చల్ దగ్గర వెలిసింది.

మరి ప్రభుత్వం ఏం చేసినట్టు?

అలాగని రాష్ట్ర ప్రభుత్వం చేసింది ఏమీ లేదనడం అన్యాయం. తిరుత్తణి ప్రాంతంలోని రైతు కుటుంబం నుంచి అమెరికా వెళ్లి, విస్కాన్సిన్‌లో డాక్టరేట్ చేసిన కృష్ణ ఎల్లా భార్య సుచిత్రతో కలిసి 1996లో హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ పెట్టారు. ఇలాంటి పరిశ్రమలన్నీ ఒకచోట ఉండేలా ప్రత్యేక ప్రాంతం కావాలని అప్పటి ప్రభుత్వానికి చెప్పినవారిలో ఆయనా ఒకరు. ప్రభుత్వం విన్నది. వినడం కూడా చిన్న పనేం కాదు.

ఒకచోట ఉంటే ఏం ఒరుగుతుంది? బయోటెక్ ల్యాబు అంటే మామూలు గది కాదు. రసాయనాల ఆవిరిని లాగేసే గొట్టాలుండాలి, వాడిన నీళ్లను శుద్ధి చేసి వదలాలి, జంతువులపై పరీక్షలకు నిబంధనల ప్రకారం ఏర్పాట్లుండాలి. ఇవన్నీ ఒక్కడే కట్టుకోవాలంటే చేతిలో ఉన్న డబ్బు గోడలకే సరిపోతుంది. నాలెడ్జ్ పార్కు సిద్ధంగా ఉన్న ల్యాబులను అద్దెకిచ్చింది. మందుల ప్రమాణాలు నిర్ణయించే అమెరికా సంస్థ యూఎస్‌పీ 2006లో అక్కడే తన ప్రయోగశాల తెరిచింది.

ఇక కరెంటు సంగతి. 2000ల్లో వేసవి కోతలు గుర్తున్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఇంట్లో రెండు గంటలు కరెంటు పోతే చెమట పడుతుంది. ల్యాబులో పోతే నెలల తరబడి పెంచిన కణాలు చచ్చిపోతాయి. టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. అందుకే ఇలాంటి కంపెనీకి పన్ను రాయితీ కంటే కోత లేని కరెంటు, ఆగని నీళ్లు, గుంతల్లేని రోడ్డు ఎక్కువ విలువైనవి. ఇవి ఫొటోల్లో పడవు.

ఇంకొకటి కూడా ఉంది. 2004లో ప్రభుత్వం మారింది. 2014లో రాష్ట్రమే రెండయింది. 2023లో మళ్లీ మారింది. గత ప్రభుత్వం పెట్టిన పేర్లు చెరిపేయడం మన దగ్గర రివాజు. జినోమ్ వ్యాలీ పేరు, బయోఆసియా సదస్సు మాత్రం అన్ని మార్పులనూ దాటుకుని వచ్చాయి. 2024 సదస్సులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జినోమ్ వ్యాలీ రెండో దశ గురించి ప్రకటించారు. పదేళ్ల పంటకు కావాల్సిన ఓపిక ఇదే.

కొనేవాడే అసలు దాత

స్థలం ఉంది, ఓపిక ఉంది. అయినా ఒకటి తక్కువ. టీకా అనేది ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు వేసేది. జ్వరం వస్తే పుస్తెలమ్మి అయినా మందు కొంటారు. రాని జబ్బుకు ఎవరు కొంటారు? ప్రభుత్వమే కొనాలి.

ఇక్కడ లెక్క చూస్తే బాధేస్తుంది. శాన్‌వాక్-బి 1997లో వచ్చింది. దేశ సార్వత్రిక టీకాల కార్యక్రమంలో హెపటైటిస్-బి ప్రయోగాత్మకంగా చేరింది 2002లో. దేశమంతటికీ విస్తరించింది 2011లో. అంటే మేడ్చల్‌లో 50 రూపాయలకు దొరికిన రక్షణ దేశంలోని ప్రతి పేద బిడ్డకూ ఉచితంగా అందే ఏర్పాటుకు 14 ఏళ్లు పట్టింది. ఈలోపు పుట్టిన కోట్ల మంది పిల్లల్లో ఎవరికి వేయించారో, ఎవరికి లేదో అమ్మానాన్నల జేబే నిర్ణయించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ టీకాను తన సాధారణ కార్యక్రమంలో చేర్చుకున్న తొలి రాష్ట్రాల్లో ఒకటి కావడం కొంత ఊరట. భూమి కేటాయించిన ఫైలు కంటే ఈ నిర్ణయం తక్కువదేం కాదు.

పిల్లల్లో ప్రాణాంతక విరేచనాలను ఆపే రోటావాక్‌ది మరో ముచ్చట. ఢిల్లీ ఎయిమ్స్‌లో దొరికిన వైరస్ రకం ఆధారంగా భారత్ బయోటెక్ తయారు చేసిన ఈ టీకా 2015 మార్చిలో విడుదలైంది. 2016లో నాలుగు రాష్ట్రాల్లో మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్, హర్యానా, హిమాచల్ ప్రదేశ్, ఒడిశా. టీకా తయారయ్యే తెలంగాణ ఆ తొలి జాబితాలో లేదు!

కరోనా వచ్చాక ఈ లెక్క తిరగబడింది. 2020 డిసెంబరు 9న అరవైకి పైగా దేశాల రాయబారులు జినోమ్ వ్యాలీకి వచ్చి భారత్ బయోటెక్, బయోలాజికల్-ఇ కర్మాగారాలు చూసి వెళ్లారు. 2021 జూన్‌లో బయోలాజికల్-ఇ టీకాకు ఇంకా అనుమతి రాకముందే 30 కోట్ల మోతాదుల కోసం కేంద్రం 1,500 కోట్ల రూపాయలు ముందే ఇస్తామంది. ఆ ఏడాది డిసెంబరులో కార్బెవాక్స్‌కు అనుమతి వచ్చింది. 2022 మార్చి 16 నుంచి 12-14 ఏళ్ల పిల్లలకు వేశారు. 'నువ్వు తయారు చెయ్, నేను కొంటా' అన్న ఒక్క మాట ఎంత దూరం నడిపిస్తుందో అప్పుడు తెలిసింది. ప్రాణభయం లేనప్పుడు కూడా ఆ మాట ఎందుకు రాదన్నదే ప్రశ్న.

పేరు రావడం, నిలవడం

పొగడ్తలతో పాటు చెప్పుకోవాల్సినవీ ఉన్నాయి. ఐదు జబ్బులకు కలిపి శాంతా తయారు చేసిన 'శాన్5' టీకాను 2010లో నాణ్యత సమస్యతో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జాబితా నుంచి తీసేసింది. తిరిగి చోటు దక్కించుకోవడానికి 2014 దాకా పట్టింది. 2009లోనే ఆ కంపెనీ ఫ్రాన్స్‌కు చెందిన సనోఫీ చేతికి వెళ్లిపోయింది. కోవాగ్జిన్‌కు 2021 జనవరి 3న అనుమతి ఇచ్చినప్పుడు మూడో దశ ఫలితాలు ఇంకా రాలేదని విమర్శలొచ్చాయి. ఆ నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. తర్వాత కర్మాగారంలో తనిఖీ చేసి 2022 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి సంస్థల ద్వారా సరఫరాను ఆపింది.

పేరు రావడానికి పాతికేళ్లు పడుతుంది, చెడటానికి ఒక తనిఖీ చాలు. కాబట్టి బయోటెక్‌ను ప్రోత్సహించడం అంటే తనిఖీలు తగ్గించడం కాదు. గట్టి ఇన్‌స్పెక్టరు, మంచి పరీక్షా కేంద్రం, నిజాయతీగా జరిగే క్లినికల్ ట్రయల్... ఇవి కూడా ప్రోత్సాహకాలే. కంపెనీలకు అప్పటికప్పుడు చేదుగా ఉంటాయి, అంతే.

చదివిన పిల్లల సంగతి

2000ల్లో బయోటెక్ పేరు చెబితే తల్లిదండ్రుల కళ్లు మెరిసేవి. డిగ్రీ కాలేజీలు, ఇంజినీరింగ్ కాలేజీలు పోటీపడి కోర్సులు పెట్టాయి. ఒక బీకరు, ఒక మైక్రోస్కోపుతో మూడేళ్లు గడిపేసిన పిల్లలు బయటికొచ్చి చూస్తే ల్యాబు ఉద్యోగాలు తక్కువ, వాళ్లకున్న చేతిపని ఇంకా తక్కువ. చాలామంది ఏ కంప్యూటర్ కోర్సో నేర్చుకుని హైటెక్ సిటీ బస్సెక్కారు. పార్కులకు స్థలమిచ్చిన విధానాలు కాలేజీ ల్యాబుల గురించి అంత పట్టించుకుని ఉంటే ఆ పిల్లల్లో కొందరైనా తుర్కపల్లి బస్సెక్కేవారు.

ఇప్పుడు ఆ రెండు బస్సుల మధ్య కొత్త దారి పడుతోంది. నోవార్టిస్‌లాంటి మందుల కంపెనీలు ఐటీ కారిడార్‌లోనే పెద్ద కార్యాలయాలు నడుపుతున్నాయి. ఆమ్‌జెన్ 2025 ఫిబ్రవరిలో హైటెక్ సిటీలో, ఎలి లిలీ అదే ఏడాది ఆగస్టులో గచ్చిబౌలిలో తమ కేంద్రాలు తెరిచాయి. ట్రయల్స్ సమాచారం విశ్లేషించడం, కృత్రిమ మేధతో కొత్త అణువులను వెతకడంలాంటి పనులకు కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి జీవశాస్త్రం కూడా తెలియాలి. మంచి అవకాశమే. అయితే తెర మీద కనిపెట్టింది చివరికి ఒక గాజు గొట్టంలో నిరూపణ కావాలి. ఆ గొట్టం పట్టుకునే చేతులను తయారు చేసే కాలేజీలు లేకపోతే కనిపెట్టినదానికి యజమానులు వేరే దేశాల్లో ఉంటారు, మనకు జీతాలు మిగులుతాయి.

వచ్చే ఫిబ్రవరిలో మళ్లీ ఒప్పందాలు జరుగుతాయి, అంకెలు అచ్చవుతాయి. ఎన్ని ఎకరాలు, ఎన్ని కోట్లు అన్నదానితో పాటు మూడు ప్రశ్నలు అడగడం పాఠకుల హక్కు. విశ్వవిద్యాలయాల ల్యాబులకు ఎంత ఇచ్చారు? ఇక్కడ తయారైనదాన్ని ముందుగా ఎవరు కొంటారు? అది మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఎన్నేళ్లలో వస్తుంది?

హైటెక్ సిటీకి కూతవేటు దూరంలో కొండాపూర్ ప్రభుత్వాసుపత్రి ఉంది. చుట్టూ ఉన్న మేడలు కట్టడానికి వలసొచ్చిన కూలీల ఇళ్లలో ఆడవాళ్లు కాన్పుకు వచ్చేది అలాంటి చోటుకే. సర్కారు ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపు హెపటైటిస్-బి టీకా వేయాలన్నది ఇప్పుడు నియమం. ఆ తల్లి డబ్బు కట్టదు, ఆ సీసా ఏ ఊళ్లో పుట్టిందో ఆమెకు తెలియదు. తెలియనక్కర్లేదు కూడా. సమయానికి ఆ సీసా అక్కడ ఉంటే చాలు.